పాలమూరు బస్సులో గొర్రెల లెక్క

నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి, కల్వకుర్తి మీదుగా పాలమూరు పోయే దారిలో చూడదగ్గవి ఏమున్నాయని అడిగితే నేను సరిగ్గా చెప్పలేను. ఫోన్ ఎక్కడ మాట్లాడుతుంది, ఎక్కడ మూగబోతుంది అని అడిగితే మాత్రం కిలోమీటరు రాళ్లతో సహా చెబుతాను. మొన్న కార్తీకంలో ఒక బుధవారం పోయి గురువారం తిరిగొచ్చాను. రెండు రోజులూ కిటికీ బయట చూసిందానికన్నా ఫోన్ మూలనుండే నాలుగు గీతలను చూసిందే ఎక్కువ.

ఎందుకో ముందే చెప్పాలి. మా అక్క సైదమ్మది దేవరకొండ అవతల చిన్న ఊరు. బావ పోయి మూడేళ్లు. ఆమెకున్న ఆధారం ఒక గొర్రెల మంద. వానకాలం పంటలు ఎత్తాక అక్కడి మెట్ట భూముల్లో మేత ఉండదు. కొమురయ్య అనే కాపరి ఐదారు ఇళ్ల గొర్రెలను కలుపుకొని, కృష్ణ వైపు కోసిన వరి మళ్లలోకి తోలుకుపోయి, నాలుగు నెలలకు తెచ్చి అప్పగిస్తాడు. తీసుకుపోయే రోజు దొడ్డి వాకిట్లోంచి గొర్రెలను ఒక్కొక్కటిగా వదులుతారు. ఇంటివాళ్ల తరఫున ఒకరు అంకె చెప్పాలి, కాపరి అదే అంకెను తిరిగి అనాలి. ధాన్యం కొలిచేటప్పటిలాగే ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. లాభం నుంచి ఆఖరి గొర్రె దాకా మధ్యలో వేరే మాట పడకూడదు, అంకె ఆగకూడదు. ఆగితే గొర్రెలన్నీ మళ్లీ దొడ్డిలోకి, లెక్క మళ్లీ లాభం నుంచి.

బావ పోయాక అంకె చెప్పే పని నాకు వచ్చింది. పోయినేడు నూట పదో గొర్రె దాటుతుండగా వెనక నుంచి ఎవరో “బాగున్నవా నర్సింహా” అన్నారు. తల ఊపాను. నోరు తెరవలేదు కాబట్టి లెక్క ఆగనట్టే అనుకున్నాను. నాలుగు నెలలకు మంద తిరిగొస్తే తొమ్మిది తక్కువ. నేను నూట పది తర్వాత నూట ఇరవై అన్నాననీ, తాను కూడా అదే అనేశాననీ కొమురయ్య వాదన. అలా దుమికితే సరిగ్గా తొమ్మిదే తగ్గుతాయి. ఆ లెక్క అంత బాగా కుదరడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఈసారి కొమురయ్య ముందే కబురు పెట్టాడు: గురువారం పొద్దున తొమ్మిదింటికి వస్తాడు, లెక్క శుభ్రంగా ముగియకపోతే సైదమ్మ మందను వదిలేసి మిగతావాళ్ల గొర్రెలతో పోతాడు. పోతే మేత లేక అక్క సగం గొర్రెలు అమ్ముకోవాలి. నాకేమో బుధవారం పాలమూరులో ఒప్పుకున్న పని. రాత్రికి అక్కడుండి, మొదటి బస్సు ఎక్కినా దేవరకొండ చేరేసరికి పది దాటుతుంది. ఇక మిగిలింది ఒకటే దారి: బస్సులో కూర్చొని ఫోన్‌లో గొర్రెలను చూస్తూ అంకె చెప్పడం. అందుకే పోయేటప్పుడు దారి పొడుగునా సిగ్నల్ కొలుచుకుంటూ పోయాను.

కట్టంగూర్ నుంచి నల్లగొండ

మా కట్టంగూర్‌లో ఏడింటికి బస్సెక్కి నోట్‌బుక్ తీశాను. ఒక గడిలో సమయం, ఒక గడిలో జాగా, ఒక గడిలో గీతలు. పానగల్ దగ్గర నాలుగు, నల్లగొండ బస్టాండ్‌లో నాలుగు ఉన్నా జనం ఎక్కువై ఒకటిన్నర అని రాసుకోవలసినంత నెమ్మది.

పక్క సీటు పెద్దాయన మెడ చాచి చూస్తున్నాడు.

“టవర్ల ఆఫీసరువా సారూ?”

“కాదు పెద్దనాయినా, ఇండ్ల లెక్కలు కడతా. ఇటుక ఎంత, ఇసుక ఎంత అని.”

“మరి టవర్లెందుకు రాస్తున్నవు?”

“నాకోసమే.”

నమ్మలేదు. “మా ఇంటెన్క చింతచెట్టు ఎక్కితెగాని మాట ఇనొస్తలేదు. గది గూడ రాసుకో. నేను డెబ్బై ఏండ్లకు చెట్టెక్కుతున్ననని రాయి.”

రాసుకునేదాకా ఊరుకోలేదు. నా నోట్‌బుక్‌లో ఇప్పటికీ ఉంది: చింతచెట్టు మీద రెండు గీతలు, కింద సున్నా.

దేవరకొండ

గుట్ట మీద కోట గోడ ఎండలో తెల్లగా మెరుస్తోంది. నేను కోట చూడలేదు. బస్టాండ్ బయట ఇరవై రూపాయలకు నాలుగు మిర్చీలు తీసుకొని, అక్క పొరుగింటి రజితకు ఫోన్ చేశాను. ఆమె అంగన్‌వాడీ టీచర్. ఆ వాడలో ఇంటికి నెట్ పెట్టించుకున్నది ఆమె ఒక్కతే. మామూలు సిగ్నల్ ఆ ఊళ్లో నిలవదు కాబట్టి, రజిత తన ఇంటి వైఫై మీద ఫోన్ పట్టుకొని దొడ్డి వాకిలి దగ్గర నిలబడితే నాకు గొర్రెలు కనబడాలి.

“మీ గుమ్మం నుంచి దొడ్డి వాకిలికి ఎన్ని అడుగులమ్మా?”

కొలిచి చెప్పింది. “ముప్పయ్యొకటి అన్నా.”

“ఇంకా ముందుకు నడువు. ఎక్కడ తెగుతుందో చూద్దాం.”

ముప్పై నాలుగో అడుగులో తెగింది. మళ్లీ చేసి, ఆ ముప్పై ఒకటో అడుగు దగ్గర ఒక రాయి పెట్టమన్నాను. వెనక నుంచి అక్క గొంతు వినబడింది.

“తమ్మీ, రేపు లెక్కవెట్టేది గొర్లనా, రజిత కాళ్లనా?”

“నువ్వు జర ఊకో అక్కా. ఇంత తిప్పలెందుకు, నువ్వే అంకె చెప్పరాదూ?”

“నీ లెక్కలు నాకు రావురా.”

నిజమే కదా అనుకున్నాను. అక్క బడికి పోలేదు. నేను ఏడో తరగతి దాకా పోయాను.

డిండి దాటాక

డిండి వదిలిన కాసేపటికి దారి గుట్టల మధ్య పల్లంలోకి దిగుతుంది. గీతలు మూడు, రెండు, సున్నా. గడియారం చూశాను. సరిగ్గా నాలుగు నిమిషాలు ఏమీ లేదు. నోట్‌బుక్‌లో ఆ గడి చుట్టూ గీత గీశాను. ఆ తర్వాత మెల్లగా లేచి, కల్వకుర్తి ముందు పంతొమ్మిది నిమిషాలు నిండా నాలుగు గీతలు.

నా లెక్క ఇలా సాగింది. దొడ్డి వాకిట్లో ఒక గొర్రె దాటడానికి నాలుగు సెకన్లు. మంద రెండు వందల పైచిలుకు. రెండు వందల పది అనుకుంటే పద్నాలుగు నిమిషాలు. రేపటి బస్సు తొమ్మిదికి కల్వకుర్తి వదిలితే ముందు ఆ పంతొమ్మిది నిమిషాల మంచి దారి వస్తుంది. లెక్క ముగిశాక ఐదు నిమిషాలు మిగులుతాయి. అంత బాగా కుదిరిందని కల్వకుర్తిలో బస్సు ఆగినప్పుడు ఎదురుగా ఉన్న హోటల్‌లో పన్నెండు రూపాయల చాయ్ తాగాను. మా దగ్గర పది. ఆ రెండు రూపాయలు దేనికని అడిగితే వైఫై ఉంది అన్నాడు. పైసలిచ్చాను కదా అని వైఫై కూడా కలుపుకున్నాను. ఈ సంగతి గుర్తుంచుకోండి.

జడ్చర్ల

జడ్చర్ల దగ్గర రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు. మా వైపు కిలోల్లో తూస్తారు. ఇక్కడ ఇంకా కాయల లెక్కనే. గంప ముందున్న అవ్వ వేగంగా కాయలు తీసి పక్కన పేరుస్తూ “మూడు ఇరువైల నాలుగు, మూడు ఇరువైల ఐదు” అంటోంది.

“అరవై ఐదు అంటే సరిపోతది కదా అవ్వా?”

“సరిపోతది. నీకు.”

“ఇరవైల లెక్కలో పొరపాటు రాదా?”

“నా చేతికి ఐదు వేళ్లు, గీ చేతికి ఐదు, కాళ్లకు పది. ఇడిచిపెట్టి ఏడికి పోతయి? నీ కాయితం గాలికి పోతది.” ఆ మాట అంటుండగానే బస్సు గాలికి నా నోట్‌బుక్‌లోంచి ఒక చీటీ నిజంగానే ఎగిరింది. ఆమె నవ్వకుండా ఒక ఇరువై కాయలు పెట్టి, మీద ఒకటి కొసరు వేసింది.

బస్సులో లెక్కపెట్టాను. ఇరవై ఒకటి. తప్పు లేదు.

పాలమూరు

పని చిన్నదే. బాలరాజు అనే బేల్దారి మేస్త్రి నాకు పాత స్నేహితుడు. గుండ్రంగా తిరిగే మెట్లు కడుతున్నాడు, రాళ్ల కొలత తేలక ఆపాడు. లోపలి వంపుకూ బయటి వంపుకూ తేడా లెక్కగట్టి ఇరవై మూడు మెట్లని చెప్పాను. అతను ఇరవై రెండు అనుకున్నాడు. ఆ ఒక్క మెట్టు కోసం నన్ను ఇంత దూరం రప్పించినందుకు తృప్తిగా అన్నానికి తీసుకుపోయాడు.

బాలరాజు వాళ్లమ్మ జొన్న రొట్టెలు చేస్తూ, అడగకుండా వేస్తూ పోయింది. మా ఇంట్లో అయితే “ఇంకొకటి?” అని అడుగుతారు. వద్దు అనడానికి ఒక అవకాశం ఉంటుంది. ఇక్కడ ఆ అవకాశమే ఇవ్వరు. నాలుగు దాకా లెక్క ఉంది. ఆ తర్వాత పచ్చిపులుసు రుచిలో పడి లెక్క తప్పాను. పోయినేటి తొమ్మిది గొర్రెలు గుర్తొచ్చి, తొందరగా పడుకున్నాను.

తిరుగు బస్సు

గురువారం పొద్దున ఆరున్నరకు బస్సు. ఎనిమిది యాభైకి కల్వకుర్తి బస్టాండ్‌లో ఉండగానే ఫోన్ మోగింది. వీడియోలో దొడ్డి, తడిక, కర్ర పట్టుకున్న కొమురయ్య.

“బావా, నేను జల్దిగొచ్చిన. ఇగ మొదలువెట్టు. ఎండెక్కితె గొర్లు నడువయి.”

బస్సు కదలకముందే మొదలుపెట్టాను. “లాభం.” అటునుంచి “లాభం.” “రెండు.” “రెండు.” ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు వెనక్కి తిరిగి నన్ను చూసి, నా ఆరోగ్యం గురించి ఏదో అనుకున్నారు.

నలభై మూడు అన్నాను. బస్సు బయటికొచ్చి హోటల్ ముందు ఆగింది. తెరమీద గొర్రె నిలిచిపోయింది. గొంతు లేదు. నిన్నటి పన్నెండు రూపాయల చాయ్ వైఫై నా ఫోన్‌ను గుర్తుపట్టి పిలిచింది, నా ఫోన్ నన్నడక్కుండా పోయింది.

మళ్లీ కలిసేసరికి కొమురయ్య గొర్రెలను వెనక్కి తోలిస్తున్నాడు. నేను వైఫై ఆపేశాను. తొమ్మిది దాటి మూడు నిమిషాలకు మళ్లీ లాభం. ఇప్పుడు పంతొమ్మిది నిమిషాల మంచి దారి. నోట్‌బుక్ ఒళ్లో తెరిచి పెట్టుకున్నాను. తొంభై, తొంభై ఒకటి. తెగింది. నోట్‌బుక్ ప్రకారం అక్కడ నాలుగు గీతలుండాలి.

ఫోన్ కలవగానే కొమురయ్య అన్నది ఒక్కటే. “బావా, మూడోసారి తెగిందా, నేను పోత. అవుతల నాలుగిండ్లోళ్లు దారి చూస్తున్నరు.” అతని వెనక అక్క తడిక పట్టుకొని నిలబడి ఉంది.

నేను నోట్‌బుక్‌ను తిట్టుకుంటుంటే పక్క సీటాయన కదిలాడు. పేరు జహంగీర్. దేవరకొండలో ఫోన్లు బాగుచేసే దుకాణమట. ఒళ్లో సామాన్ల సంచి ఉంది.

“మీ లెక్క తప్పు లేదు సాబ్. పోయేటప్పటి లెక్క వచ్చేటప్పుడు పనిచెయ్యది, గంతే.”

“దారి అదే కదా భాయ్?”

“దారి గదే. ఫోన్ ఆదత్ వేరే. ఇల్లు మారినోడు కొన్ని దినాలు పాత కిరాణం దుకాణానికే పోతడు సూడండ్రి, గట్ల. ముంగట కొత్త టవర్ దగ్గర్కొచ్చినా, ఎన్కటి దాన్నే పట్టుకొని గుంజుతది. గది ఉత్తగైనంక కొత్తదాన్ని దేవులాడుతది. నిన్న మీరు అటునుంచొచ్చిన్రు, గా టవర్‌ను పట్టుకొని ఉండె. ఇయ్యాల ఇటునుంచి పోతున్నరు, గీ టవర్‌ను పట్టుకొని ఉన్నది. తెగే జాగ మారుతది.”

ఇంత తేలిక సంగతి నాకు తట్టనందుకు సిగ్గేసింది. గుండ్రటి మెట్లలో లోపలి వంపు వేరు, బయటి వంపు వేరు అని నిన్ననే ఒకరికి చెప్పి వచ్చాను.

జహంగీర్ తన ఫోన్ తీశాడు. “నాది వేరే కంపెనీ. నా దాంట్ల నుంచి నెట్ పట్టుకోండ్రి. నేను గిట్ల ఆనుకొనే కూసుంట.”

తొమ్మిది ఇరవైకి మూడోసారి లాభం. ఈలోపు బస్సంతటికీ విషయం తెలిసిపోయింది. వేరే మాట పడకూడదని ముందు సీటు ఆడవాళ్లు వెనక సీట్లకు చేరవేశారు. కండక్టరమ్మ టికెట్లు అడగడం మాని వేళ్లతో సైగలు చేస్తోంది. దిగాల్సిన ఒకాయన నోరు మూసుకొని డ్రైవర్ భుజం తట్టి దిగాడు. బస్సులో నా గొంతు, ఫోన్‌లో కొమురయ్య గొంతు తప్ప ఇంజిన్ చప్పుడే.

నూరు దాటాక నాకు గుట్టల పల్లం గుర్తొచ్చింది. నోట్‌బుక్‌లో గీత గీసిన గడి. రెండుసార్లు తెగి మళ్లీ మొదలుపెట్టడంతో మంచి దారంతా వెనకబడిపోయింది. గొర్రెకు నాలుగు సెకన్లు. పల్లం నూట ముప్పైలలో వస్తుంది. మంద ఇంకా సగానికి పైన కొంచెమే దాటి ఉంటుంది. ఆ ముక్క అక్కకు చెప్పాలి, చెబితే వేరే మాట పడినట్టు. తొందరగా అంకెలు అనేద్దామంటే గొర్రె తన తీరున తాను దాటుతుంది. నూట ఇరవై ఎనిమిది అంటూనే జహంగీర్‌కు ఆ గడి వేలితో చూపించాను. ఆయన చదివి, అక్కడ తన కంపెనీదీ అందదన్నట్టు తల అడ్డంగా ఊపి, తన ఫోన్‌ను కిటికీ బయటికి చాచి పట్టుకున్నాడు. పాపం, దానివల్ల గాలి తగలడం తప్ప ఏమీ కాదని ఆయనకూ తెలుసు.

“నూట ముప్పై ఎనిమిది,” అన్నాను. కాలెత్తిన గొర్రె ఒకటి తెరమీద అలాగే ఉండిపోయింది.

నాలుగు నిమిషాలు. ఫోన్ ఉలుకూ పలుకూ లేకపోయినా అందరూ దాని వైపే చూశారు. చివరికి కండక్టరమ్మ మెల్లగా అంది.

“ఫికర్ జెయ్యకన్నా. అడిగితె ఇంకొక్కపారి ఆగుతడు.”

“ఆగడమ్మా. నాకు తెలుసు.”

సగం మంద అమ్మితే ఎన్ని మిగులుతాయో అప్పటికే నా తలలో లెక్క నడుస్తోంది. లెక్కలు వచ్చినవాడికి ఇదొక శాపం, వద్దన్నా ఆగవు.

పల్లం దాటగానే గీతలొచ్చాయి. ఫోన్ కలిపాను. మొదటి మోతకే రజిత ఎత్తింది. తెర మీద నేల కనబడుతోంది. గుసగుసగా అంది:

“అన్నా, మాట్లాడకు. అక్క లెక్కవెడ్తాంది.”

తర్వాత అక్క గొంతు.

“తొమ్మిది ఇరువైల పంతొమ్మిది.”

కొమురయ్య గొంతు. “తొమ్మిది ఇరువైల పంతొమ్మిది.”

తొమ్మిది ఇరవైలు నూట ఎనభై, పైన పంతొమ్మిది, నూట తొంభై తొమ్మిది. నేను లేని నాలుగు నిమిషాల్లో గొర్రెకు నాలుగు సెకన్ల చొప్పున అరవై. నూట ముప్పై ఎనిమిదికి అరవై కలిపితే నూట తొంభై ఎనిమిది. దాని తర్వాతది ఇదే. ఒక్కటి కూడా తప్పలేదు.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని విన్నాను. “పది ఇరువైలు.” “పది ఇరువైల లాభం.” “పది ఇరువైల రెండు.” తెర మీద వాకిలి కనబడేలా రజిత ఫోన్ ఎత్తింది. ఆఖరి గొర్రె కుంటుకుంటూ దాటింది.

“పది ఇరువైల పన్నెండు.”

“పది ఇరువైల పన్నెండు,” అన్నాడు కొమురయ్య. ఆ మాట జహంగీర్ కూడా అన్నాడు, వెనక నుంచి ఇంకో నలుగురు అన్నారు. కండక్టరమ్మ విజిల్ ఊది, “ఇగ టికెట్లు తీయుండ్రి,” అంది.

అక్క దొడ్డి

నేను చేరేసరికి పదకొండు దాటింది. మంద పోయింది, దొడ్డి ఖాళీగా ఉంది. రజిత పెట్టిన రాయి ముప్పై ఒకటో అడుగు దగ్గర అలాగే ఉంది. అక్క సీతాఫలాల సంచి అందుకొని తెరిచి చూసింది.

“ఇరువైయ్యొకటి,” అంది, చెయ్యి పెట్టకుండానే.

“నీ లెక్కలు రావన్నవు కదా అక్కా?”

“నీ లెక్కలు రావన్న. నా లెక్కలు రావన్ననా?” పళ్లెంలో అన్నం పెడుతూ అంది. “మీ బావ చెప్పేటప్పుడు గూడ ఎన్క నిలబడి నా తీరుగ నేను అనుకునేదాన్ని. నువ్వు నూటముప్పయెనిమిది అన్నవు, ఫోన్ ఆగింది. అప్పటికి నా నోట్లె ఆరు ఇరువైల పద్దెనిమిది ఉండె. మూడోసారి తెగితె పోతనన్నడు కదా, తర్వాతది బయిటికన్న, గంతే. కొమురన్న ఒక్క తీరు నా దిక్కు చూసి, గదే అన్నడు.”

“ఇంటివాళ్లే అంకె చెప్పాలె కదా,” అన్నాను. “నువ్వు ఇంటిదానివే.”

“గందుకే ఆయినె అడ్డం చెప్పలె.”

నాలుగు ముద్దలు తిన్నాక ఒక సంగతి తట్టి ఆగాను. ప్రతి ఏడూ వెనక నిలబడి లెక్కపెట్టేది అంటే పోయినేడు కూడా పెట్టి ఉండాలి.

“అక్కా, పోయినేడు ఆ తొమ్మిది...”

“నువ్వే దునికినవు. నూటపది అన్నవు, తల ఊపినవు, నూటిరువై అన్నవు. నాకు అప్పుడే ఎరుకైంది. కొమురన్నకు తర్వాత చెప్పిన. అందుకే ఆ తొమ్మిది గొర్లు ఏవని నేను ఆయినెను అడగలె.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నలుగురి ముంగట నా తమ్ముడు లెక్క రానోడని నేనే చెప్పాల్నా? తిను.”

తిన్నాను. చెయ్యి కడుక్కొని, అలవాటుగా నోట్‌బుక్ తీసి ఆ రోజు గడిలో 212 అని వేశాను. అక్క పక్కన కూర్చొని అది ఏమని రాశావని అడిగింది. చెప్పాను. “నాది రాయి,” అంది. అంకె కొట్టేసి, అక్షరాల్లో రాశాను: పది ఇరువైల పన్నెండు. ఆ నోట్‌బుక్‌లో అంకె లేని లెక్క అదొక్కటే.

“మంద తిరిగొచ్చే దినం నేనే లెక్కవెడ్త,” అంది.

“మరి నేను రావొద్దా?”

“రావాలె. నేను అంకె చెప్తుంటె ఎవలన్న ‘బాగున్నవా సైదమ్మా’ అంటరు. జవాబు నువ్వు చెప్పు.”